ఎత్తుకొనే చేతులు అలసినప్పుడు

(శతజయంతి ఉత్సవముల యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష ఖండమునకు నూరేండ్లు నిండిన ఈ సంవత్సరములో ప్రతి గురుసేకరమునుండి ఏదో ఒక జ్ఞాపకార్థ కట్టడము కావాలని కోరికలు వచ్చాయి. కొందరు స్వాగత ద్వారము అడిగారు. కొందరు గంట గోపురము అడిగారు. కొందరు కల్యాణ మంటపము అడిగారు. వాటి నడుమ ఒక చిన్న కోరిక కూడ వచ్చింది. నడవలేనివారు చక్రాల కుర్చీతోనే ఎక్కగల ఒక వ్యాను కావాలని. ఎటువంటి వ్యాను, ఎవరికి, ఎంత ఖర్చు అని విచారించడానికి మన కాలేజీ విద్యార్థులు ఆరుగురితో ఒక బృందమును ఏర్పరచాము. ఇద్దరు ఇంజనీరింగు చదివేవారు, ఇద్దరు నర్సింగు, ఒకరు కామర్సు, ఒకరు సోషల్ వర్కు. వేసవి సెలవులు అంతా తిరిగి వారు నివేదిక ఇచ్చారు. నిధి మీ కానుకలతో కూడినది, నిర్ణయమూ మీదే. కనుక వారు తెలిసికొన్న సంగతులను మీ ముందు ఉంచడమే ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట, ఎవరి కొరకు ఈ బండి? మన సంఘములలో పోలియో వచ్చినవారు ఇప్పుడు చిన్నపిల్లలు కారు. మన దేశములో పోలియో చివరి కేసు 2011 జనవరిలో కనబడింది. 2014 మార్చిలో పోలియో రహిత దేశమని ధ్రువపత్రము వచ్చింది. దేవునికి స్తోత్రము. అయితే అంతకుముందు ఆ వ్యాధి సోకినవారు మన మధ్యనే ఉన్నారు. 1970లలో, 1980లలో పుట్టినవారు నేడు నలభై, యాభై ఏండ్లవారు. వారిని చంకన వేసుకొని గుడికి తెచ్చిన తల్లులకు ఇప్పుడు డెబ్బది దాటింది. భుజాన వేసుకొని బడికి మోసిన తండ్రులలో చాలమంది ప్రభువునందు నిద్రించారు. బిడ్డ పెరిగి బరువెక్కింది, ఎత్తుకొనే చేతులు సన్నగిల్లాయి. ఒకప్పుడు ప్రతి ఆదివారము కనబడిన ముఖము పండుగకు మాత్రమే కనబడుతుంది. తరువాత పండుగకు కూడ కనబడదు. రిజిస్టరులో పేరు ఉంటుంది, బల్లమీద మనిషి ఉండడు.

వారికి తోడు పక్షవాతము వచ్చినవారు, చక్కెర వ్యాధితో కాలు పోగొట్టుకొన్నవారు, రోడ్డు ప్రమాదములో నడుము విరిగినవారు, వృద్ధాప్యమున మోకాళ్లు పట్టుకొన్నవారు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. అందులో కదలికకు సంబంధించిన లోపము ఉన్నవారు సుమారు 54 లక్షలు. లెక్కలో చేరనివారిని మన వీధిలోనే చూడవచ్చు.

విద్యార్థులు బండి షోరూముకు పోకముందు ఇండ్లకు పోయారు. అది వారి పనిలో మాకు బాగా నచ్చిన సంగతి. “మీరు గుడికి రావడానికి వ్యాను కావాలా?” అని వారు అడగలేదు. “మీకు బండి ఉంటే ఎక్కడికి పోతారు?” అని అడిగారు. జవాబులలో గుడి ఉన్నది. దానితోపాటు బ్యాంకు ఉన్నది, పింఛను కొరకు వేలిముద్ర వేసే చోటు ఉన్నది, ఫిజియోథెరపీ ఉన్నది, డిగ్రీ పరీక్ష ఉన్నది, అక్క కూతురి పెండ్లి ఉన్నది. ఒక సహోదరి, “సంతకు పోయి నా చీర నేనే ఏరుకోవాలి” అన్నదట. ఇంకొక సహోదరుడు చెప్పిన మాటను పిల్లలు నివేదికలో అట్లే వ్రాశారు. “నన్ను ఎత్తుకుపోయేవారికి తీరిక ఉన్నప్పుడు నేను బయలుదేరుతాను. వారికి తీరిక ఉన్నప్పుడే తిరిగి వస్తాను. వాళ్లు మంచివాళ్లే. కాని ఆ ప్రయాణము నాది కాదు.”

ఈ మాట విన్నప్పుడు మార్కు సువార్త రెండవ అధ్యాయములోని పక్షవాయువు గలవాడు మాకు జ్ఞాపకమునకు వచ్చాడు. నలుగురు మోసికొని వచ్చిన సంగతిని మనము ఎన్నో మారులు ప్రసంగించాము, విన్నాము. ఆ నలుగురి విశ్వాసమును మెచ్చుకొన్నాము. అయితే వారు కప్పు ఎందుకు విప్పవలసి వచ్చింది? వాకిట జనము నిండి ఉన్నారు. ఆ జనము దుర్మార్గులు కారు, వాక్యము వినవచ్చినవారే. వారికి దారి విడువవలెనన్న ఆలోచన తట్టలేదు, అంతే. మోసే నలుగురు దొరకనివాడి సంగతి ఏమిటి? కప్పు విప్పకుండ లోపలికి వచ్చే దారి మనము చూపలేమా? మన విద్యార్థుల పని అంతా ఈ ప్రశ్నకు జవాబే.

ఇటువంటి పనిని విద్యార్థులు తలకెత్తుకొనడము క్రొత్త కాదు. అమెరికా దేశములో దీనికి ఒక చరిత్ర ఉన్నది. మన పిల్లలు దానిని శ్రద్ధగా చదివారు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత 1948లో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు గేల్స్‌బర్గ్ శాఖలో, టిమొతి న్యూజెంట్ అనే ఆయన నడవలేని విద్యార్థుల చదువు కొరకు ఒక కార్యక్రమము మొదలుపెట్టాడు. మరుసటి ఏడే ఆ శాఖ మూతపడింది. విద్యార్థులు ఊరకుండక తమ కుర్చీలతోనే పోయి అధికారులను అడిగారు. కార్యక్రమము షాంపేన్-అర్బానాకు మారింది. 1950ల దశకములో అక్కడ లిఫ్టు అమర్చిన బస్సులు విద్యార్థులను తరగతినుండి తరగతికి చేర్చేవి.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ సంగతి వేరొకటి. ఎడ్ రాబర్ట్స్‌కు 14 ఏండ్ల వయసులో పోలియో వచ్చి మెడ క్రింద శరీరము దాదాపు చచ్చుబడింది. ఊపిరి తీసుకొనడానికి యంత్రము కావాలి. 1962లో ఆయన విశ్వవిద్యాలయములో చేరాడు. ఆయన వెనుక మరికొందరు చేరారు. 1970లో వికలాంగ విద్యార్థులే తమకు కావలసిన సేవలను తామే నడుపుకొనే కార్యక్రమమును స్థాపించారు. 1972లో అది విశ్వవిద్యాలయపు గోడ దాటి, ఊరివారందరికి పనికివచ్చే స్వతంత్ర జీవన కేంద్రమునకు దారి తీసింది. చక్రాల కుర్చీల మరమ్మతు, వ్యానులకు మార్పులు చేయడము ఆ కేంద్రము పనులలో చేరాయి. బండిలో ప్రయాణించేవారే ఆ బండిని గూర్చి మాట చెప్పేవారు. ఇదే అక్కడి విశేషము.

మూడవది డెన్వరు నగరము. వేడ్ బ్లాంక్ అనే ప్రెస్బిటేరియన్ పాదిరి ఒక నర్సింగ్ హోములో పని చేసేవాడు. యౌవనములోనే అక్కడ మగ్గిపోతున్న వికలాంగులను బయటికి తెచ్చి, స్వంత ఇండ్లలో జీవించడానికి తోడ్పడ్డాడు. ఇల్లు దొరికింది గాని ఇంటినుండి పోవడానికి బస్సు దొరకలేదు. 1978 జూలై 5న 19 మంది నడిరోడ్డులో బస్సులను అడ్డగించి మరునాటి వరకు కదలలేదు. 1990 జూలై 26న ఆ దేశములో వికలాంగుల హక్కుల చట్టముపై సంతకము జరిగేవరకు ఇటువంటి పోరాటములు సాగుతూ వచ్చాయి. గురువృత్తిలో ఉన్న మాకు ఆ పాదిరి మాదిరి ఆలోచింపదగినది. ఆయన వారిని మోయడముతో ఆగలేదు, వారు అడిగినప్పుడు ప్రక్కన నిలిచాడు.

మన దేశములోను 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చింది. రవాణా సౌకర్యము కూడ అందులో ఉన్నది. మన రెండు తెలుగు రాష్ట్రముల ఆర్.టి.సి. బస్సులలో పాసు ఉన్న వికలాంగులకు చార్జీలో రాయితీ ఉన్నది. అది మేలే. అయితే చార్జీ తగ్గినంత మాత్రాన మెట్టు ఎత్తు తగ్గదు.

ఇక వ్యాను సంగతి. ఇంజనీరింగు పిల్లలు టేపు పట్టుకొని కొలిచారు. ఈకో వంటి చిన్న వ్యానుకు నేల తక్కువ ఎత్తులో ఉంటుంది, కాని పైకప్పు కూడ తక్కువే. కుర్చీలో కూర్చున్న మనిషి తల తగులుతుంది. ట్రావెలర్ వంటి పెద్ద వ్యానుకు పైకప్పు చాలును, కాని నేల ఎత్తు. అమెరికా నిబంధనలలో చిన్న వాహనమునకు కూడ కుర్చీ ఎక్కే ద్వారము 56 అంగుళములకు తక్కువ ఉండరాదు. లిఫ్టు బల్ల వెడల్పు కనీసము 30 అంగుళములు, పొడవు 48 అంగుళములు ఉండాలి. 600 పౌండ్లు, అనగా సుమారు 272 కిలోలు మోయాలి. ఇంత బరువు ఎందుకని మీకు తోచవచ్చును. మోటారు కుర్చీ ఒక్కటే కొన్నిసార్లు నూరు కిలోలు దాటుతుంది. దానిపై మనిషి ఉంటాడు.

లిఫ్టుకు బదులు వాలుబల్ల పెట్టితే చవక కదా అని మా కమిటీలో ఒక పెద్దాయన అడిగారు. పిల్లలు లెక్క చెప్పారు. కట్టడములకు చెప్పే వాలు ఒకటికి పన్నెండు. అనగా ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. వ్యాను నేల రెండు అడుగుల ఎత్తు ఉంటే 24 అడుగుల బల్ల కావాలి. అది బండికన్న పొడవు. ఒకటికి నాలుగు చొప్పున 8 అడుగులకు కుదించవచ్చును, కాని ఆ నిటారులో మనిషితో కూడిన కుర్చీని నెట్టడానికి బలమైన మనిషి కావాలి. మన గురుసేకరములో బండి తోలే డ్రైవరుకు యాభై అయిదేండ్లు ఉంటే, మరల చేతులు అలసే కథ మొదటికి వస్తుంది. కనుక నేల తక్కువగా ఉన్న బండికి వాలుబల్ల, నేల ఎత్తుగా ఉన్న బండికి లిఫ్టు అని వారి సలహా.

ఎక్కించడముతో పని ముగియదు. కుర్చీని ముందు రెండు, వెనుక రెండు, నాలుగు పట్టీలతో నేలకు బిగించాలి. అందులోని మనిషికి వేరుగా నడుముకు, భుజమునకు బెల్టు ఉండాలి. కుర్చీ ముందువైపు చూడాలి గాని ప్రక్కకు కాదు. తాడుతో సీటుకు కట్టివేయడము భద్రత కాదు. బ్రేకు పడినప్పుడు ఆ సంగతి తెలుస్తుంది, కాని అప్పటికి ఆలస్యము అవుతుంది. ఇట్లు బండి నిర్మాణమును మార్చినప్పుడు రవాణా శాఖ అనుమతి తీసుకొని ఆర్.సి.లో వ్రాయించాలి. తెల్ల నెంబరు ప్లేటు బండితో ప్రయాణికులనుండి చార్జీ వసూలు చేయరాదు. ఈ రెండు సంగతులు తేలకుండ బండి కొనరాదని నివేదిక గట్టిగా చెబుతుంది.

కామర్సు విద్యార్థిని వ్రాసిన పేజీ అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె బరువైనది. గేదెను కొనడము ఒక ఎత్తు, మేపడము ఒక ఎత్తు అని మన పెద్దలు అంటారు. డ్రైవరు జీతము, సహాయకుని జీతము, డీజిలు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, లిఫ్టు మరమ్మతు. ఇవి ప్రతి ఏడు వచ్చేవి. శతజయంతి నిధి ఒక్కసారి వచ్చేది. బండిమీద దాతల పేర్లు వ్రాయించి, ప్రతిష్ఠ చేసి, ఫొటో తీయించి, రెండేండ్లకు కాంపౌండు గోడ ప్రక్కన టైర్లు దిగి నిలిచిపోయిన బండ్లను మనము చూడలేదా? అటువంటిది ఇంకొకటి మనకు వద్దు. ఇంట్లో ఎదురుచూచే మనిషికి బండి లేకపోవడముకన్న, ఉన్న బండి రాకపోవడము ఎక్కువ నొప్పి.

కనుక బృందము చేసిన సూచనలు నాలుగు. వాటిని మేము బలపరుస్తున్నాము. ఒకటి, వెంటనే కొనవద్దు. మొదట ఆరు నెలలు ఒక బండిని అద్దెకు తీసుకొని, వారములో మూడు దినములు నడిపి, ఎవరు ఎక్కడికి పోతున్నారో పుస్తకములో వ్రాయాలి. రెండు, ముందుగా ఫోను చేసినవారికి ముందుగా బండి. ఆసుపత్రికి, పరీక్షకు తప్ప ఎవరి సిఫారసు చెల్లదు, గురువు సిఫారసు కూడ. మూడు, నడిపే కమిటీలో సగము మంది చక్రాల కుర్చీలో ప్రయాణించేవారే ఉండాలి. నాలుగు, ప్రతి గురుసేకరము ప్రతి ఏడు కోతల పండుగ కానుకలో ఒక భాగమును బండి మేతకు తీసిపెట్టాలి.

అయిదవది పిల్లలు వ్రాయలేదు, మేము చేరుస్తున్నాము. బండి గుడి గేటు వరకే వస్తుంది. గేటు దాటిన తరువాత మన దేవాలయములలో చాలవాటికి మెట్లు ఉన్నాయి. నూరేండ్ల క్రిందటి రాతి మెట్లు, అందమైనవే. ప్రక్క ద్వారమునకు ఒకటికి పన్నెండు చొప్పున సిమెంటు వాలుదారి వేయడానికి స్వాగత ద్వారమునకు అయ్యే ఖర్చులో కొద్ది భాగము చాలును. లోపల ముందు వరుసలో ఒక బల్ల తీసివేసి కుర్చీకి స్థలము ఇవ్వవచ్చును. వెనుక మూలలో కాదు, కుటుంబముతో కలిసి కూర్చునే చోట.

రేపు మధ్యాహ్నము నిధి విషయమై ఓటు ఉన్నది. స్వాగత ద్వారము కోరినవారిని మేము చిన్నచూపు చూడము. వారి భక్తి మాకు తెలుసు. అయితే ద్వారము ఎవరికి స్వాగతము చెప్పాలి అని ఓటు వేసేముందు ఒక్కసారి ఆలోచించండి. ఈ రాత్రి భోజనమైన తరువాత మీ సంఘ రిజిస్టరు తీసి, మూడేండ్లుగా గుడిలో కనబడని పేర్లను వ్రాసుకొని రండి. ఆ కాగితము చేతిలో పెట్టుకొని ఓటు వేయండి.

ఈ ఆరుగురు విద్యార్థులను దేవుడు దీవించును గాక.