అధికారి యెవడు? – కంప్యూటరులోని కాగితములు, అనుమతులు



మన రామగుండము, గోదావరిఖని ప్రాంతమున బొగ్గుబాయిలో పనిచేసి విరమించినవారి యిండ్లలో ఒక రేకుపెట్టె యుండుట వాడుక. నియామకపు కాగితము, భవిష్యనిధి లెక్కలు, 1998లో ఏర్పడిన బొగ్గుగనుల పింఛను పథకమునకు సంబంధించిన పత్రములు అందుండును. ఇప్పుడు బిడ్డలు వానిని స్కాను చేయించి కంప్యూటరులో దాచుచున్నారు. మంచిదే, చెదలు తినవు, వాన తడుపదు. అయితే ఒక యంత్రమున దాచినదానిని మఱియొక యంత్రమున తెఱవబోయినపుడు “నీకు అనుమతి లేదు” అను మాట యెదురగుట కలదు. కాగితము కన్నులయెదుట నున్నను చేతికి రాదు. ఈ చిక్కునకు కారణమేమి, దానిని విప్పు క్రమమేమి యనునది నేటి ప్రసంగవిషయము.

శాస్త్రారంభమున నాలుగింటిని విచారించుట మన చదువుల సంప్రదాయము: అధికారి, విషయము, సంబంధము, ప్రయోజనము. ఇచ్చటను ఆ నాలుగే చాలును. అడుగుచున్నవాడెవడు? ఏ ఫైలును అడుగుచున్నాడు? ఆ ఫైలునకును వానికిని గల సంబంధమేమి? దానితో చేయగోరినది చదువుటయా, దిద్దుటయా? ఈ నాలుగింటిని చూచి త్రోవ విడుచు ద్వారపాలకుడొకడు ప్రతి యంత్రమునందును కలడు. వానినే ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. ద్వారపాలకులందఱును ఒకే ధర్మశాస్త్రమును చదివినవారు కాకపోవుటచేతనే చిక్కంతయు పుట్టుచున్నది.

యూనిక్సు అను వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారి చేతులలో మొలకెత్తినది. నేటి లినక్సు ఆ సంప్రదాయమునే అనుసరించును. స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగున కనబడునట్లు కూర్చిన వ్యవస్థయు లినక్సే. ఈ మతమున మనుష్యులు మూడు తెగలు: ఫైలు యజమాని, దానికి నియమించిన జట్టు, ఇతరులు. పనులును మూడే: చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1 అని గుర్తులు. 640 అని యున్నచో యజమాని చదువవచ్చును, వ్రాయవచ్చును, జట్టువారు చదువవచ్చును, ఇతరులకేమియు లేదు. కూడిక వచ్చినవానికి ఇది సులభముగా బోధపడును.

1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. మార్గము వేఱు. దాని సంతతియే నేటి విండోసులన్నియు. బాయిలోని మస్టరు పుస్తకమువలె ఇందు ఒక్కొక్క ఫైలునకు ఒక్కొక్క పట్టిక యుండును: ఫలానావానికి ఇది యిమ్ము, ఫలానావానికి ఇది నిషేధింపుము అని. పైఫోల్డరు పట్టిక లోనివానికి వారసత్వముగా దిగును. ఆ ఫైలుమీదనే వ్రాసిన నిషేధమును అనుమతికంటె ముందు చూతురు. ఇక చిన్న పెన్‌డ్రైవులలో తఱచుగా నుండు ఫ్యాట్ అను పద్ధతి సంతలోని చెట్టునీడ వంటిది. యజమాని లేడు, పట్టిక లేదు. దానిలోనికి ఎక్కించిన కాగితము తన పాత కట్టుబాట్లన్నిటిని వదలుకొనును.

మఱియొక మర్మము కలదు. ఈ ద్వారపాలకులు మనుష్యుని పేరుతో నెఱుగరు, సంఖ్యతో నెఱుగుదురు. లినక్సున మొదటి వాడుకరి సంఖ్య సాధారణముగా 1000. ఒక యింటి 1000వ వాని డిస్కును మఱియొక యింటి లినక్సు యంత్రమునకు కొనిపోయినచో, అచ్చటి 1000వ వాడే యజమానిగా కనబడును! విండోసులో ఎస్-1-5-21 అని మొదలగు పొడవైన సంఖ్య యుండును. అది ఆ యంత్రమునకే చెందినది. పొరుగు యంత్రమున అదే పేరుతో మనిషి యున్నను సంఖ్య కుదరదు.

నే నెఱిగిన యొక యిల్లాలి భర్త బాయిలో పనిచేసి కాలము చేసెను. పింఛను కాగితములన్నియు పాత కంప్యూటరులో నుండెను. అది చెడిపోగా డిస్కును తీసి వేఱొక విండోస్ యంత్రమునకు తగిలించిరి. ఫోల్డరు తెఱచుకొనలేదు. మరమ్మతు చేయువాడొకడు డిస్కును తుడిచి క్రొత్తగా సిద్ధపఱచవలెనని సలహా చెప్పెను. నేను వలదంటిని. యంత్రము పలికినది డిస్కు చెడినదని కాదు, అనుమతి లేదని. పరీక్షింపగా యజమాని పేరుండవలసిన చోట వట్టి సంఖ్య యున్నది. క్రొత్త యంత్రపు అడ్మినిస్ట్రేటరు ఆ ఫోల్డరునకు యజమానిత్వము స్వీకరించి, చదువుటకు అనుమతి వ్రాసిన తోడనే కాగితములు కనబడెను. తుడిచియున్నచో ఆమె జీవనాధారపు సాక్ష్యమంతయు పోయెడిది.

కావున క్రమము నెఱుగుడు. మొదట, ఏ పేరుతో యంత్రమున ప్రవేశించితిమో చూడవలెను. రెండవది, దారి చూడవలెను. బాయి గేటు దాటనివాడు లోపలి పనిచోటు చేరడు. లినక్సున ఫైలునకు అనుమతి యున్నను పైఫోల్డరులలో ఒక్కటి అడ్డగించినచో ఫలము లేదు. మూడవది, ఫైలు వేఱొక యంత్రమునుండి తీగద్వారా వచ్చుచున్నచో గేట్లు రెండు: పంచుకొనుటకిచ్చిన అనుమతి యొకటి, ఫైలు అనుమతి యొకటి, రెండింటిలో ఇఱుకైనదే చెల్లును. ఇవి యన్నియు సరిగా నున్న పిమ్మటనే యజమానిత్వమును ముట్టవలెను.

విసుగెత్తి లినక్సున 777 అనియో, విండోసున అందఱికి సర్వాధికారమనియో వ్రాయువారు పెక్కురు. చిక్కు తీఱును గాని కాగితముమీది ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా ఆ యంత్రమును వాడువారందఱి పాలగును. చదువవలసినవానికి చదువు మాత్రమే యిండు.

చివరి హెచ్చరిక. విండోస్ డిస్కును లినక్సు యంత్రమునకు తగిలించినచో అది ఆ పట్టికను తఱచుగా పాటింపదు. కాగితములు అడుగకయే తెఱచుకొనును. అనుమతి యనునది ద్వారపాలకుని మర్యాద మాత్రమే. వాడు మారినచో పాత యాజ్ఞ చెల్లకపోవచ్చును. నిజమైన రహస్యమునకు గుప్తలిపి కావలెను. విండోసులో బిట్‌లాకరు అనునది అట్టిదే. దానికి తాళపుచెవి వంటి 48 అంకెల సంఖ్య యొకటి కలదు. సంకేతపదము మఱచి అదియు పోగొట్టుకొన్నచో ఏ యజమానిత్వమును కాగితమును తిరిగి యీయజాలదు. కావున ఆ సంఖ్యను తెల్లకాగితముపై వ్రాసి రేకుపెట్టెలో దాచుడు. అది యెచ్చట నున్నదో ఇంటివారిలో నమ్మదగిన యొకరికి చెప్పియుంచుడు.