జలుబు మాత్రలు, మన కౌంటరు

అమెరికాలో గ్యాస్ స్టేషన్ కౌంటర్ల దగ్గర నిలబడేవాళ్లు మనలో చాలామందే ఉన్నాం. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్‌తో దొంగచాటుగా మెత్ అనే మత్తుమందు చేస్తారు. 2005లో జార్జియాలో దానికి పనికొచ్చే సరుకులు అమ్మారని 49 మందిపై కేసులు పెడితే, 44 మంది దక్షిణాసియా వాళ్లే. 'కుక్' అంటే మత్తుమందు వండటమని తెలియదని కొందరు మొత్తుకున్నారు.

2006లో ఫెడరల్ చట్టం వచ్చింది. మాత్రలు కౌంటరు వెనకో తాళంలోనో ఉంచాలి, ఐడీ చూడాలి, లాగ్‌బుక్‌లో రాయించాలి. ఒకరికి రోజుకు 3.6 గ్రాములే.

మెత్ తీయడం కష్టమయ్యేలా చేసిన మాత్రలు 2012లో మార్కెట్లోకి వచ్చాయి. అలాంటివి పెరిగితే మన నెత్తిన బరువు తగ్గుతుంది. అయినా వాటికీ ఇవే రూల్స్. అమ్మేవాళ్లకు ట్రైనింగ్ ఇవ్వడం ఓనర్ బాధ్యత. అడిగి తీసుకుందాం, తర్వాతే అమ్ముదాం.