వెనుకబడలేదు, వెలివేశారు



మనల్ని ‘వెనుకబడినోళ్లు’ అంటారు. అంటే మనమే నడవలేక ఆగిపోయినట్టు! ‘వెలి’ అలా కాదు. వెలి అంటే బయట. ఒకరు వేస్తేనే ఇంకొకరు వెలి అవుతారు. ఆ మాట వింటే, ఎవరు వేశారన్న ప్రశ్న వెంటనే వస్తది.

2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థుల్ని బయటికి పంపారు. రోహిత్ వేముల వాళ్లలో ఒకడు. ఆరుబయట వేసుకున్న శిబిరానికి వాళ్లు ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. ఆ ఒక్క పేరే నిలదీసింది.

మనమూ అట్లనే మాట్లాడాలి. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970 నుంచి 1/70 చట్టం ఉంది. అయినా పోయింది. భూమి తనంతట తాను నడిచిపోయిందా? దరఖాస్తులో ‘భూమి కోల్పోయాం’ అని రాయకండి. ఎవరు తీసుకున్నారో రాయండి.

జై ఆదివాసీ!