గోడ వెంబడి 84 మైళ్లు

కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసేవాణ్ని, ఉపన్యాసాలు నాకు రావు.

మా రూమ్మేట్ డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తుంటే వ్యాన్ గుద్దింది. తుంటి విరిగింది, తలకి దెబ్బ. హెలికాప్టర్‌లో వచ్చిన డాక్టరు రోడ్డు మీదే మత్తిచ్చి వైద్యం మొదలుపెట్టాడు. ఈ దేశంలో ఆ హెలికాప్టర్లు ఎక్కువగా జనం చందాలతోనే ఎగురుతాయని నాకప్పటిదాకా తెలీదు. ప్రాణం దక్కింది. అసలు కష్టం డిశ్చార్జ్ అయ్యాక మొదలైంది. మెట్లెక్కలేడు, పేర్లు మర్చిపోతాడు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తాడు. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం "బాగున్నానమ్మా" అంటాడు.

అందుకే జూన్‌లో ఏడుగురం హేడ్రియన్ గోడ వెంట నడుస్తున్నాం. వాల్సెండ్ నుంచి బౌనెస్ దాకా 84 మైళ్లు, ఏడు రోజులు. "అలిపిరి మెట్లెక్కినోళ్లం, ఇదెంత" అంటున్నారు కొందరు. అది ఒక పూట పని బాబూ! కొత్త బూట్లు ఆ రోజే తొడగొద్దు, ఇప్పట్నుంచే వేసుకు తిరగండి.

నా చేతికి నోట్లివ్వొద్దు. ఇలా గాయపడ్డవాళ్లకి తోడుండే రిజిస్టర్డ్ చారిటీ పేజీలోనే వేయండి, ఐదు పౌండ్లైనా సరే. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు గిఫ్ట్ ఎయిడ్ గడిలో టిక్ పెడితే పౌండుకి 25 పెన్స్ ప్రభుత్వం కలుపుతుంది.

మొదటి మైలు వాడూ వస్తానన్నాడు, చేతికర్రతో. ఆ మైలు మాత్రం అందరం మెల్లగా నడవాలి.