వార్ధక్యము – విస్మృతి – గణితము

పంచాంగకర్త రాబోవు గ్రహణమును గడియలతో సహా ముందుగనే చెప్పును. ఆ గ్రహణమును తప్పింపగలవారు లేరు. జనసంఖ్యాశాస్త్రజ్ఞులును భవిష్యత్తును లెక్కగట్టి చెప్పుచుందురు. అయితే వారి లెక్క గ్రహణము వంటిది కాదు. ఈ భేదమును గుర్తించుట డిమెన్షియా అను రుగ్మత విషయమున మిక్కిలి అవసరము.

డిమెన్షియా అనగా జ్ఞాపకశక్తియు, వివేచనయు, నిత్యకృత్యములు నెరవేర్చుకొను నేర్పును క్రమముగా సన్నగిల్లుట. దీనికి మూలమగు మెదడు వ్యాధులలో ముఖ్యమైనది, 1906లో జర్మను వైద్యుడు ఆల్జీమర్ వర్ణించిన వ్యాధి.

ఇది ముందుముందు ఎందరికి కలుగునో లెక్కించు పద్ధతి సులభమే. ఒక్కొక్క వయసువారిలో నూటికి ఎందరికి ఈ రుగ్మత కలదో పరీక్షించి తెలిసికొందురు. 65 ఏండ్లు దాటిన పిమ్మట ఈ నిష్పత్తి సుమారు అయిదేండ్ల కొకసారి రెట్టింపగుచుండును. ఆ నిష్పత్తిని, భావికాలమున ఆ వయసునకు చేరువారి సంఖ్యతో గుణింతురు.

మన దేశమున 60 ఏండ్లు నిండినవారు 2011 జనాభా లెక్కలలో సుమారు 10 కోట్ల 38 లక్షలు. 2036 నాటికి 22 కోట్ల 70 లక్షలగుదురని అంచనా. 2023లో ప్రకటితమైన ఒక జాతీయ పరిశీలన ప్రకారము, ఈ వయోవర్గమున నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, డిమెన్షియాతో బాధపడుచున్నారు. 2036లో వీరు 1 కోటి 69 లక్షలు కావచ్చునట.

ఈ గుణకారమున రెండంకెలు కలవు. మొదటిది వృద్ధుల సంఖ్య. 2036లో అరువదేండ్లు నిండబోవువారందరు ఇప్పటికే పుట్టి పెరిగినవారు గనుక అది పెద్దగా మారదు. రెండవది వ్యాధి నిష్పత్తి. అది నేటివలెనే యుండునని గణకుడు ఊహించును; అట్లే యుండవలెనను నియమము లేదు.

ఇందుకు బ్రిటను అనుభవమే సాక్ష్యము. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిషైర్, న్యూకాజిల్, నాటింగ్‌హామ్ ప్రాంతములలో 1989–1994 నడుమ వృద్ధులను పరీక్షించిరి. మరల 2008–2011 నడుమ అవే ప్రాంతములలో, అదే పద్ధతిని పరీక్షించిరి. పాత నిష్పత్తినిబట్టి 2011లో బ్రిటను దేశమున 8,84,000 మంది రోగులుండవలసినది. క్రొత్త పరీక్షనుబట్టి తేలినది 6,70,000. వృద్ధులు పెరిగిరి, నిష్పత్తి తగ్గెను. విద్య హెచ్చుట, గుండెయు రక్తనాళములును మెరుగుపడుట ఇందుకు కారణములై యుండునని పరిశోధకుల భావన.

2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘము, మార్చుకొనదగిన కారణములు 14 అని చెప్పినది. బాల్యమున చదువు లేకుండుట, రక్తపుపోటు, మధుమేహము, పొగత్రాగుట, వినికిడి తగ్గుట, ఒంటరితనము అందులోనివి. వీనినన్నిటిని తొలగింపగలిగినచో దాదాపు నూటికి 45 పాళ్లు డిమెన్షియాను నివారించుటయో, వాయిదా వేయుటయో సాధ్యమని వారి అంచనా. మన దేశమున ఈ రుగ్మత స్త్రీలలోను, పల్లెలలోను అధికముగా కనబడినది. కావున నేడు ఒక పల్లెటూరి బాలికను బడికి పంపుటయు అరువదేండ్ల తరువాతి లెక్కను మార్చు పనియే.

మరియొక విషయము. వ్యాధి కలవారి సంఖ్య వేరు, వైద్యుడు గుర్తించినవారి సంఖ్య వేరు. మతిమరపు కలవారందరును డిమెన్షియా రోగులు కారు. థైరాయిడు లోపము, బి12 విటమిను కొరత, మనోవ్యాకులత సైతము బుద్ధిని మందగింపజేయును. ఇవి చికిత్సకు లొంగునవి. ఇంటి పెద్దలు అడిగినదే మరల మరల అడుగుచున్నను, ఎరిగిన వీథిలో దారి తప్పుచున్నను, చాదస్తమని నవ్వి యూరకుండక వైద్యునికి చూపుడు. ఇట్లు చూపువారు హెచ్చినకొలది, గుర్తింపబడు రోగుల సంఖ్యయు కొన్నాళ్లు హెచ్చును. ఆ పెరుగుదలకు కలతపడ నక్కరలేదు. ఇంతకాలము ఇంటిలోపలనే దాగియున్న బాధ వైద్యుని కంటబడుటయే అది.