డిగ్రీ కాలేజీ నుంచి కోర్టు మెట్ల దాకా

ఈ సభలో ముందు వరసల్లో సీనియర్ న్యాయవాదులున్నారు. వాళ్ల వెనక అధ్యాపక మిత్రులున్నారు. చివర, గోడవారన, మా ప్రభుత్వ డిగ్రీ కాలేజీల పిల్లలున్నారు. నేను మాట్లాడబోయేది ఆ చివర కూర్చున్నవాళ్ల గురించి. మనవి చేసుకునేది మాత్రం ముందున్న పెద్దలకి.

ఈ పిల్లలెవరో మీకు తెలియంది కాదు. ముమ్మిడివరం, ఐ.పోలవరం, ఆచంట, యలమంచిలి వైపు ఊళ్ల నుంచి బస్సు పాసు మీద చదువుకునేవాళ్లు. ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనుషులు. నాన్న కౌలు రైతో, కొబ్బరి దింపు కార్మికుడో, రొయ్యల చెరువు దగ్గర కాపలాదారో అయి ఉంటాడు. అమ్మ గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లగా అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లలూ వీళ్లలో ఉన్నారు. ఏటా వీళ్లలో కొందరు మా దగ్గరికొచ్చి "లాసెట్ రాస్తానండి" అంటారు. కొందరు గ్రూప్స్ అంటారు. 2019 అక్టోబరు 2న కరపలో గ్రామ సచివాలయాల వ్యవస్థ మొదలయ్యాక, లక్షకు పైగా కొత్త ఉద్యోగాలు వచ్చాక, ప్రభుత్వ కొలువు అనే మాట వీళ్ల ఇళ్లలో గాలిలో మాటగా కాకుండా పక్కింటి అబ్బాయి చేసే పనిగా కనిపించింది. అది మంచి మార్పు. కానీ లా వైపు వెళ్తానన్న పిల్లలు దారిలో ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పడానికే నేనివాళ వచ్చాను.

ముందు మన ఊరి మనిషి ఒకరిని తలుచుకోవాలి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909 జులై 15న ఈ రాజమండ్రిలోనే పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆ కాపురం ఆమెకి అక్కర్లేదనిపించింది, బయటికొచ్చేశారు. ఇంగ్లీషు మీడియం బలవంతమని చిన్నతనంలోనే బడి మానేశారు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో వలంటీరుగా గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసిన సంగతి మనవాళ్లందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఆ తరవాతి కథ. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్లినప్పుడు, తాము చేసిన నేరమేమిటో, చట్టంలో తమకున్న రక్షణ ఏమిటో తెలియకుండానే శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్లని ఆమె దగ్గరగా చూశారు. లా చదవాలన్న పట్టుదల అక్కడే గట్టిపడింది. అప్పటికి ఆమె చేతిలో మెట్రిక్ కూడా లేదు. బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకి ప్రైవేటుగా కూర్చున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకి హాస్టల్ లేదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలనుకునే అమ్మాయిలని కూడగట్టి, హాస్టల్ నడిపించారు. రాజనీతి శాస్త్రం అక్కడ చదివి, 1942లో మద్రాసులో లా పట్టా తీసుకుని, అక్కడి బార్‌లో ప్రాక్టీసు పెట్టారు.

నాలుగేళ్లు తిరిగేసరికి రాజ్యాంగ సభలో సభ్యురాలు. రాజ్యసభకి పోటీ చేసేందుకు కనీస వయసు 35 అని ముసాయిదాలో ఉంటే, 30 చాలని సవరణ ప్రతిపాదించింది ఆమే. అది నెగ్గింది. ఈ రోజు ముప్ఫై ఏళ్ల మనిషి పెద్దల సభలో కూర్చోగలుగుతున్నాడంటే అందులో ఈ రాజమండ్రి అమ్మాయి చెయ్యి ఉంది. ఆ తరవాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలిగా, మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్ల కోసం 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టించారు. తను పడ్డ ఇబ్బంది ఇంకొకరు పడకూడదనుకున్న మనిషి చేసే పని అది. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. తక్కువ ఫీజు, సాయంత్రం క్లాసులు, పని చేసుకుంటూ చదివే అవకాశం. మన దగ్గర ఆ ఆలోచనకి దగ్గరగా వచ్చిన వాళ్లలో దుర్గాబాయమ్మ పేరు మొదట చెప్పాలి.

ఎదుర్లంకలో వ్యవసాయ కుటుంబంలో పుట్టిన గంటి మోహనచంద్ర బాలయోగి గారి దారీ ఇలాంటిదే. లా చదివి, 1980లో కాకినాడలో నల్లకోటు వేసుకున్నారు. 1985లో మేజిస్ట్రేటుగా ఎంపికయ్యారు, కానీ ఆ కుర్చీలో ఎక్కువకాలం ఉండలేదు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షులు. 1998లో లోక్‌సభ స్పీకరు, ఆ స్థానంలో కూర్చున్న తొలి దళితుడు. ఇప్పుడు యానాం నుంచి ఎదుర్లంకకి వంతెన మీద నిమిషాల్లో దాటుతున్నాం. దానికి ఆయన పేరే పెట్టారు. ఆయన చదువుకునే రోజుల్లో అక్కడ గౌతమి మీద వంతెనే లేదు.

వీళ్లిద్దరూ అసాధారణులు, వాళ్ల సంగతి వేరు అని మీరనవచ్చు. నేనొప్పుకోను. టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపిన తల్లి కొడుకు. ఆయన్ని వెంటబెట్టుకుని రాజమండ్రి తీసుకొచ్చి చదివించింది ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు. ఆ మాస్టారు లేకపోతే ఆంధ్రకేసరి ఉండేవారా? అసాధారణుల కథ ఎక్కడ విప్పినా, ఫలానా రోజున తలుపు తెరిచిన మనిషి ఒకరు అందులో కనిపిస్తారు. మా పిల్లలకి కొరవడింది తెలివి కాదు, ఆ మనిషి.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను, పేరు వద్దు. లంక ఊరి పిల్ల. వాళ్ల నాన్న కౌలుకి చేస్తాడు. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కుల పత్రం కావాలంటే భూయజమాని సంతకం ఉండాలి. పదకొండు నెలల కాగితమే, దానివల్ల భూమి హక్కు పోదని చట్టమే చెబుతోంది. అయినా ఆసామి భయపడ్డాడు, సంతకం పెట్టలేదు. పత్రం లేదు కాబట్టి పంట రుణం లేదు. ఆ అమ్మాయి ఆ చట్టం నకలు సంపాదించి, క్లాసు అయ్యాక నా దగ్గర కూర్చుని, సెక్షన్ సెక్షన్‌గా అర్థం చెప్పించుకుంది. తరవాత ఒక పాత దస్తావేజు కూడా తెచ్చింది. తూర్పున పంట బోదె, దక్షిణాన పుంత, విస్తీర్ణం ఇన్ని కుంచాలు అని రాసి ఉంది. నేను సరిహద్దులు చదువుతుంటే ఆ పిల్ల ఆపి, "ఆ బోదె ఇప్పుడు అక్కడ లేదండి, చెరువులు తవ్వినప్పుడు పూడ్చేశారు, అందుకే కొలత తేడా వస్తోంది" అంది. కుంచమంటే పది సెంట్లని, పుంత అంటే ఎవరి సొంతమూ కాని దారి అని ఆ పిల్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. ముందు కూర్చున్న సివిల్ లాయర్లకి తెలుసు, డెల్టాలో సగం దావాలు ఈ బోదెల మీద, పుంతల మీద, గట్ల మీదే కదా. అలాంటి జూనియర్ మీ ఆఫీసులో ఉంటే లాభం ఎవరికి?

ఆ పిల్ల లాసెట్ రాసి లా పూర్తి చేసిందనుకోండి. తరవాత? 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండి తీరాలని. 1993లో పెట్టిన షరతు ఇది, 2002లో తీసేశారు, మళ్లీ వచ్చింది. కోర్టు హాలు మొహం చూడని మనిషి తీర్పులు రాయకూడదన్న వాదనలో బలముంది. నేను దాన్ని తప్పుపట్టను. కానీ ఆ మూడేళ్లు ఎవరి ఖర్చు మీద? తండ్రి లాయరైతే కొడుక్కి ఆఫీసు, పుస్తకాలు, మధ్యాహ్నం భోజనం అన్నీ ఇంట్లోనే ఉంటాయి. లంక నుంచి వచ్చిన అమ్మాయికి గది అద్దె, బస్సు ఖర్చు, తెల్లచీర, గౌను, బార్ కౌన్సిల్ నమోదు ఫీజు అన్నీ అప్పే. 2019లో రాష్ట్ర ప్రభుత్వం జూనియర్ న్యాయవాదులకి మొదటి మూడేళ్లు నెలకి 5,000 రూపాయలిచ్చే పథకం పెట్టింది. ఏ ప్రభుత్వం వచ్చినా అలాంటిది ఆగకూడదు, మొత్తం పెరగాలి. అదొక్కటే చాలదు. మూడేళ్లు ప్రాక్టీసు చేశారని ధ్రువీకరించాల్సిన వాళ్లలో పదేళ్ల అనుభవమున్న న్యాయవాదులున్నారు, అంటే మీరే. మీ ఆఫీసు గడప దాటి లోపలికి రానివ్వని పిల్లకి ఆ కాగితం ఎవరిస్తారు?

ఇంగ్లీషు గురించి రెండు మాటలు. సాక్షి తెలుగులో చెబుతాడు, చాలా కోర్టుల్లో రికార్డు ఇంగ్లీషులో అవుతుంది. హైకోర్టుకి వెళ్తే అంతా ఇంగ్లీషే. తెలుగు మీడియం పిల్ల మొదటి ఆరు నెలలు నోరు విప్పదు. దాన్ని తెలివితక్కువతనం అనుకుని పక్కన పెట్టేస్తున్నారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదివి భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు, పోలీసు నిఘా మీద ఖరక్ సింగ్ కేసులో ఏకాంతం కూడా మనిషి స్వేచ్ఛలో భాగమని మెజారిటీతో విభేదించి రాశారు. అప్పుడది ఓడిపోయిన అభిప్రాయం. 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆయన చెప్పిందే సరి అంది. యాభై ఏళ్లకి పైగా పట్టింది. మొదట వెనకబడ్డ గొంతులో విలువ లేదనుకోవద్దు.

కాలిఫోర్నియాలో 2014లో ఇరవైకి పైగా కమ్యూనిటీ కాలేజీలు కొన్ని లా స్కూళ్లతో కలిసి, తమ విద్యార్థులకి న్యాయవిద్య దాకా నేరుగా దారి వేశాయి. మనకి అంత పెద్ద ఒప్పందాలు అక్కర్లేదు. రాజమహేంద్రవరంలో, ఏలూరులో, భీమవరంలో లా కాలేజీలున్నాయి. కాకినాడలో, అమలాపురంలో డిగ్రీ కాలేజీలున్నాయి. మధ్యలో బార్ అసోసియేషన్లున్నాయి. నేనడిగేది ఇంతే. ఈ సభలో ఉన్న ప్రతి సీనియరూ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నుంచి వచ్చిన ఒక్క జూనియర్‌ని, కులం, సిఫార్సు చూడకుండా, మూడేళ్లపాటు ఆఫీసులో చేర్చుకోండి. నెలకింతని చేతిలో పెట్టండి. వాయిదాలు అడగడానికే పంపకుండా, ఫైలు చదవనివ్వండి, ప్లెయింటు రాయనివ్వండి. అధ్యాపక మిత్రులారా, రెండో సంవత్సరంలోనే ఈ పిల్లలని ఒక్కసారైనా కోర్టు హాలుకి తీసుకెళ్లండి. గోడవారన కూర్చున్న పిల్లలు సభ కాగానే వెళ్లిపోకుండా ఇక్కడే ఉండమన్నాను. బయటికి వెళ్లేముందు పెద్దలు వాళ్ల పేర్లు అడిగి రాసుకోండి.