సేవాభిలాషకు సాక్ష్యము



ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వోద్యోగుల యిండ్లలో ఏటేట ఒకే విధమైన వ్రాతపని జరుగుచుండును. బి.ఏ. ముగించిన కుమారుడో కుమార్తెయో సాంఘిక సేవాశాస్త్రమునందో, పరిపాలనాశాస్త్రమునందో పై చదువునకు దరఖాస్తు పెట్ట కూర్చుందురు. విదేశ విశ్వవిద్యాలయములును, కొన్ని స్వదేశ సంస్థలును ‘ఈ చదువు నేల కోరుచున్నారు?’ అని వ్యాసరూపమున సమాధాన మడుగును. కలము అచ్చటనే ఆగును. పిమ్మట తరచుగా వ్రాయబడు వాక్య మొక్కటియే: ‘చిన్ననాటినుండి ప్రజాసేవయందు నాకు మక్కువ మెండు.’ ఇది అబద్ధము కాకపోవచ్చును. కాని దీనివలన వ్రాసినవారిని గూర్చి ఏమియు తెలియదు. ఆధారపత్రములు లేని అభ్యర్థన ఫైలునందు ముందునకు కదలదని సచివాలయమున పనిచేయువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

సేవాభిలాషకు ఆధారమెట్టిదో తెలియుటకు ఆంధ్రులు దూరము పోవలసిన పనిలేదు. ఢిల్లీ మెట్రో పింక్ లైనులోని సౌత్ క్యాంపస్ స్టేషను ఎవరి పేర వెలసినదో, ఆ దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి విద్యాభ్యాస చరిత్రమే చాలును. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన వారు బాల్యముననే హిందీ పాఠశాల నడపిరి. 1923 కాకినాడ కాంగ్రెసు సమయమున స్వచ్ఛంద సేవికగా నుండి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ప్రదర్శనశాల ద్వారమున నిలిపిరి. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయిరి. అచ్చట తోడి స్త్రీలు చట్టము తెలియక, తమ మాట తాము చెప్పుకొననేరక శిక్ష లనుభవించుట కన్నులార చూచిరి. చదువవలెనను పట్టుదల అందుండి బలపడెను. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షనిచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రాజనీతిశాస్త్రము చదువగోరగా, వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు స్త్రీలకు వసతిగృహము లేదనిరి. దుర్గాబాయిగారు పత్రికాముఖమున ప్రకటించి, చదువగోరు యువతులను కూడగట్టి, వసతి యేర్పరచి, వారితోపాటు తామును చేరిరి. 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును పొందిరి.

ఈ కథయందు మూడంశములు గమనింపదగినవి. మొదటిది, దరఖాస్తునకు ముందే పని యున్నది. రెండవది, ఆ పనిలో కంటబడిన లోటే చదువునకు కారణమైనది. మూడవది, తనకైన యాటంకమును ఇతరులకుకూడ తొలగించుట జరిగినది. నేటి విద్యార్థి వ్రాయవలసినదియు ఇంతియే: చేసినదేమి, చూచినదేమి, ఇంకను తెలియనిదేమి.

ఉదాహరణకు, నోయిడాలో భవననిర్మాణ కూలీల పిల్లలకు రెండేండ్లు సాయంకాలము లెక్కలు చెప్పిన యువతి కలదనుకొందము. ‘పేదలకు సేవచేసితిని’ అనుట చాలదు. కట్టడము పూర్తికాగానే తలిదండ్రులు వేరుచోటికి పోవుదురనియు, పిల్లల చదువు నడుమనే తెగుననియు, క్రొత్తచోట బడిలో చేర్చుట కష్టమగుచున్నదనియు వ్రాయవలెను. ఆ చిక్కు విడదీయుటకు తన కే జ్ఞానము కొరవడినదో, కోరిన చదువునందు ఏ పాఠ్యాంశము దానిని తీర్చునో చెప్పవలెను. అయితే పిల్లల పేర్లను, ఇంటి గుట్టులను బయటపెట్టి జాలి పుట్టింపరాదు.

తలిదండ్రులకును ఒక మనవి. దరఖాస్తునకు నెల ముందు సంపాదించిన యోగ్యతాపత్రము సేవ కానేరదు. తండ్రి హోదాయు బిడ్డ సేవ కాదు. జాయింట్ సెక్రటరీగారి సిఫారసుకంటె, ఆ పనిని ప్రతివారము కన్న ప్రాథమిక పాఠశాల పంతులుగారి ఉత్తరము విలువగలది. ఇంటి బాధ్యతలచేత బయట సేవ చేయజాలని విద్యార్థి, ఇరుగుపొరుగు వృద్ధులకు పింఛను కాగితములు నింపిపెట్టినను అదియు చెప్పదగినదే.

1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేర సాంఘిక సేవా పట్టభద్ర విద్యాలయము నెలకొనెను. 1946లో లక్నోలో మొదలైన అట్టి విద్యాలయమే మరుసటి యేట ఢిల్లీకి వచ్చి, నేడు ఢిల్లీ విశ్వవిద్యాలయమున శాఖగా నున్నది. ఇట్టి చోట్ల ఫీల్డ్ వర్క్ చదువులో భాగము. బస్తీలో ఓపికతో నిలువగలవారెవరో పరీక్షకులు ముందే ఎరుగగోరుట సహజము.

దుర్గాబాయిగారు పట్టములతో ఆగలేదు. 1948లో ఢిల్లీ తెలుగు బిడ్డలకై ఆంధ్ర విద్యాసంఘమును స్థాపించిరి; 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. చదువు మరల పనికే చేరెను. సీటు దొరకినను దొరకకున్నను, లెక్కలు నేర్చిన పిల్లలకు ఆ లెక్కలు మిగులును. ఈ యెరుకతో వ్రాసిన దరఖాస్తునందు ‘సేవ’ యను మాటయే లేకున్నను లోటుండదు.